మా పాప ఆస్తమా ఎమర్జెన్సీ: ఇంటి నుంచి ఐసీయూ దాకా, మళ్ళీ ఇంటికి (నా అనుభవం)

మా పాపకి ఏడేళ్ళు. ఆస్తమా ఉందని నాలుగో ఏటే తెలిసింది. మొన్న నవంబర్ మొదటి వారంలో బాగా తీవ్రమైన అటాక్ వచ్చి పిల్లల ఐసీయూలో ఉంది. ఇప్పుడు ఇంటికొచ్చి బాగానే తిరుగుతోంది. ఏది దేని తర్వాత జరుగుతుందో, ఒక్కో చోట ఎంతసేపు ఆగాల్సి వస్తుందో, డాక్టర్లు దేన్ని చూసి కంగారు పడతారో, దేన్ని చూసి పడరో, ఇవేవీ నాకు ముందు తెలియవు. ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతారని మర్చిపోకముందే వరసగా రాస్తున్నాను. ఇందులో మందుల గురించి చెప్పేవన్నీ మా పాపకి ఇచ్చినవి, మీ పిల్లలకి ఎంత, ఎప్పుడు అన్నది మీ డాక్టర్ రాసిచ్చిన ప్రకారమే.

గురువారం జలుబుతో మొదలైంది. ముక్కు కారడం, కొద్దిగా దగ్గు, జ్వరం లేదు. పిల్లల్లో ఆస్తమా అటాక్‌లు ఎక్కువ భాగం ఇలా వైరల్ జలుబుతోనే మొదలవుతాయని మా డాక్టర్ ఎప్పుడూ అనేవారు కాబట్టి ఆ రోజు నుంచే కనిపెట్టుకుని ఉన్నాను. శుక్రవారం రాత్రి దగ్గు పెరిగింది, నిద్రలో లేచి కూర్చుంది. ఆయాసం వస్తే వెంటనే ఇచ్చే రిలీవర్ ఇన్హేలర్, అంటే సాల్బుటమాల్, స్పేసర్‌తో (ఇన్హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ డబ్బా) ఇచ్చాను. పడుకుంది. తెల్లారేదాకా హాయిగానే నిద్రపోయింది. శనివారం పొద్దున మళ్ళీ ఇచ్చాను, ఈసారి మూడు గంటలు కూడా నిలబడలేదు. మధ్యాహ్నం ఇచ్చినది రెండు గంటలకే అయిపోయింది.

ఇక్కడే ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా దీని చుట్టూనే తిరిగింది. మందు పనిచేసిందా లేదా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, పనిచేసి ఎంతసేపు నిలబడింది అన్నది చూడాలి. రెండు డోసుల మధ్య ఎడం తగ్గుతూ వస్తోందంటే, ప్రతి డోసుకీ పిల్ల తేరుకున్నట్టే కనిపిస్తున్నా, లోపల పరిస్థితి దిగజారుతున్నట్టే. సాల్బుటమాల్ ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. గొట్టాల లోపలి వాపు, కఫం దానితో పోవు. వాటికి స్టెరాయిడ్ కావాలి, అది పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది.

అటాక్ వస్తే ఏం చేయాలో డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ ఒకటి మా దగ్గర ఉంది. రిలీవర్ నాలుగు గంటలు నిలబడకపోతే డాక్టర్‌కి చూపించమని అందులో ఉంది. శనివారం సాయంత్రం కదా, మా పిల్లల డాక్టర్ ఊళ్ళో లేరు. దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ అరగంట పైన కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళాక ఒక నెబ్యులైజేషన్ (మందుని ఆవిరిలా చేసి మాస్క్‌తో పీల్పించడం) పెట్టారు. పది నిమిషాల్లో పిల్లికూతలు తగ్గాయి, రక్తంలో ఆక్సిజన్ 95 శాతం చూపించింది, పాప నవ్వింది కూడా. దగ్గు సిరప్, యాంటీబయాటిక్ రాసి ఇంటికి వెళ్ళమన్నారు. స్టెరాయిడ్ ఇస్తారా అని నేను అడిగాను, ఇప్పుడు అవసరం లేదమ్మా, శబ్దాలు ఏం లేవు అన్నారు. కాసేపు ఇక్కడే కూర్చుంటాం అన్నాను, బెడ్ ఖాళీ చేయాలన్నారు. నాకు ఇప్పటికీ ఈ విషయంలో కోపం పోలేదు. నెబ్యులైజర్ తీసిన వెంటనే ఎవరైనా బాగానే కనిపిస్తారు, గంట తర్వాత ఎలా ఉన్నారన్నదే అసలు లెక్క. ఆ గంట ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చిన గంటన్నరకి మళ్ళీ మొదలైంది. రాత్రి పది దాటింది. ఈసారి తేడాగా ఉంది. మంచం మీద వెనక్కి వాలడం లేదు, ముందుకి వంగి చేతులు మోకాళ్ళ మీద ఆనించి కూర్చుంది. చొక్కా తీసి చూస్తే డొక్కలు ఎగరేస్తోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది, గొంతు కింద గుంట పడుతోంది. నీళ్ళు కావాలా అంటే "అమ్మా... నాకు..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "...వద్దు" అంది. వాక్యం పూర్తి చేయలేకపోతే అది తీవ్రమైన అటాక్ అని ప్లాన్‌లో ఎర్ర రంగు గడిలో రాసి ఉంది. నా కాళ్ళలో వణుకు మొదలైంది.

మా ఆయన అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. నేను స్పేసర్ పట్టుకుని ఎర్ర గడిలో రాసినట్టు పది పఫ్‌లు ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక్కో పఫ్ విడిగా, ప్రతిసారీ ఇన్హేలర్ ఊపి, ఒక పఫ్ నొక్కి, ఐదారు ఊపిర్లు తీసుకోనిచ్చి, మళ్ళీ ఊపి. పదీ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేస్తే పిల్లలకి చేరేది చాలా తగ్గిపోతుంది. ఆ టెన్షన్‌లో ఒక్కొక్కటిగా ఇవ్వడం ఎంత కష్టమో, చేతులు ఆగవు. నేను పైకి లెక్కపెడుతూ ఇచ్చాను, ఆ లెక్క వింటూ పాప కూడా కొంచెం నిదానించింది.

మన కారులో వెళ్ళిపోదామా అని అత్తయ్య అడిగారు. నాకూ అదే అనిపించింది కానీ ఆగాం. ఆగడం మంచిదైంది. అంబులెన్స్ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది, వాళ్ళు వచ్చీ రాగానే పాపని ఎత్తుకుని పరుగెత్తుతారని నేను అనుకుంటే, హాల్లోనే కూర్చోబెట్టి ఆక్సిజన్‌తో నడిచే నెబ్యులైజర్ పెట్టారు. నాకేమో లోపల "పదండి పదండి" అని ఒకటే తొందర. తర్వాత అర్థమైంది, వైద్యం అక్కడే మొదలైపోయిందని, దారి పొడుగునా ఆగలేదని. మన కారులో అయితే ట్రాఫిక్‌లో వెనక సీట్లో ఆక్సిజన్ లేకుండా కూర్చుని ఉండేవాళ్ళం. పడుకోబెట్టొద్దు, ఆమెకి ఎలా కూర్చుంటే బాగుంటే అలాగే కూర్చోనివ్వండి అని వాళ్ళు చెప్పారు. నా ఒళ్ళోనే కూర్చుంది.

ఎమర్జెన్సీలో వెయిటింగ్ అస్సలు లేదు. బయట చాలామంది పిల్లలు కూర్చుని ఉన్నారు, మమ్మల్ని నేరుగా లోపలికి తీసుకెళ్ళిపోయారు. వెయిటింగ్ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆక్సిజన్ 88. గుండె 150 దాటింది. ఊపిరి నిమిషానికి 40 పైన. వేలికి పెట్టిన ఆక్సిజన్ ప్రోబ్ రీడింగ్ సరిగ్గా రావడం లేదని సిస్టర్ పాప వేలికున్న నెయిల్ పాలిష్ తుడిచేసింది. ముదురు రంగు పాలిష్ ఉంటే రీడింగ్ తప్పు రావచ్చట, ఇంట్లో వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్‌కి కూడా అదే వర్తిస్తుంది.

మొదటి గంట ఇలా నడిచింది. ఇరవై నిమిషాలకొకటి చొప్పున మూడు నెబ్యులైజేషన్లు, సాల్బుటమాల్, గొట్టాలు వదులు చేసే ఇంకో మందు ఇప్రాట్రోపియం కలిపి. నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, వెంటనే కక్కేసింది. ఆయాసంలో ఉన్న పిల్లలు కక్కడం మామూలేనట. రెండోసారి ప్రయత్నించకుండా చేతికి సూది పెట్టి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చేశారు. సూది పెట్టేటప్పుడు ఎప్పుడూ ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చే పిల్ల, ఆ రోజు ఏడవలేదు. ఊపిరి ఏడవడానికి మిగల్లేదు. డాక్టర్ కూడా అది గమనించింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు.

ఒక సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే అంత కంగారు పడేదాన్ని కాదు. నెబ్యులైజర్ మొదలుపెట్టిన కాసేపటికి ఆక్సిజన్ రీడింగ్ పెరగాల్సింది పోయి ఇంకొంచెం పడింది. అలారం మోగింది. మందు వికటించిందేమో అనుకున్నాను. అప్పటిదాకా మూసుకుపోయి గాలి అందని భాగాలకి కూడా ఈ మందు వల్ల రక్తం వెళ్ళడం పెరుగుతుంది, అక్కడ గాలి ఇంకా రాలేదు కాబట్టి తాత్కాలికంగా రీడింగ్ పడుతుంది, అందుకే ఆక్సిజన్ కలిపే ఇస్తాం అని డాక్టర్ చెప్పారు. కాసేపటికే పైకి వచ్చింది.

మూడో నెబ్యులైజేషన్ అయ్యేసరికి పిల్లికూతలు బాగా తగ్గిపోయాయి. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి వింటూ ఉంటే ఆవిడ మొహం మాత్రం మారింది. పెద్ద డాక్టర్‌ని పిలవమంది. పిల్లికూత రావాలంటే ఇరుకు గొట్టంలోంచి గాలి కదలాలి. గాలే కదలకపోతే శబ్దం ఉండదు. మా పాప ఛాతీ ఒక వైపు దాదాపు నిశ్శబ్దంగా ఉంది. సాయంత్రం ఇంటికి పంపిన చోట "శబ్దాలు లేవు" అన్న మాటకీ, ఇక్కడ "శబ్దాలు లేవు" అన్న మాటకీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. శబ్దం తగ్గినప్పుడు పిల్ల తేలిగ్గా మాట్లాడుతోందా, డొక్కలు ఎగరేయడం తగ్గిందా అని చూడాలి. మా పాప మాట్లాడటం లేదు, కళ్ళు మూసుకుపోతున్నాయి. రాత్రి పన్నెండైంది కదా నిద్ర వస్తోందేమో అని ఆయన అన్నారు. నిద్ర కాదు, అలసిపోతోంది అన్నారు పెద్ద డాక్టర్.

తర్వాత గొట్టాలు వదులవడానికి మెగ్నీషియం సల్ఫేట్ సెలైన్‌లో కలిపి ఇరవై నిమిషాల పాటు ఎక్కించారు. ఒళ్ళు వేడిగా అనిపిస్తుంది, మొహం ఎర్రబడొచ్చు, బీపీ పడొచ్చు అని ముందే చెప్పి, ప్రతి కొద్ది నిమిషాలకీ బీపీ చూస్తూ ఉన్నారు. పాప "వేడి... అమ్మా" అంది. ఆ మాట కోసం ఎంత ఎదురు చూశానో, మాట్లాడింది కదా అని.

అదే సమయంలో రక్తంలో గ్యాస్ పరీక్ష చేశారు. కార్బన్ డయాక్సైడ్ రిపోర్టులో నార్మల్ అని వచ్చింది. నేను కాగితం మీద ఆ నార్మల్ చూసి ఊపిరి పీల్చుకున్నాను. పెద్ద డాక్టర్ పక్కనే కూర్చుని నెమ్మదిగా చెప్పారు: ఇంత వేగంగా ఊపిరి తీసే పిల్లకి కార్బన్ డయాక్సైడ్ బయటికి కొట్టుకుపోయి తక్కువగా ఉండాలమ్మా, నార్మల్‌కి వచ్చిందంటే ఊపిరితిత్తులు ఓడిపోవడం మొదలైందని అర్థం, ఇంకా పెరిగితే వెంటిలేటర్ గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఆస్తమా పిల్లలకి వెంటిలేటర్ పెట్టడం అంటే మేం కూడా తేలిగ్గా తీసుకోం, లోపలికి పోయిన గాలి బయటికి రాక ఇరుక్కుపోతుంది, అందుకే అక్కడిదాకా వెళ్ళకుండా చేయగలిగినవన్నీ చేస్తాం అన్నారు. ఆయన దాచలేదు. భయపెట్టనూ లేదు. ఆ రాత్రి నాతో మాట్లాడిన వాళ్ళందరిలో ఆయన మాటలే నన్ను నిలబెట్టాయి. బయటికి వచ్చి గోడకి ఆనుకుని బాగా ఏడ్చాను, మొహం కడుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళాను. పాప ముందు ఏడవొద్దని ఎవరూ చెప్పలేదు, నాకే అనిపించింది.

ఐసీయూ బెడ్ కోసం గంటన్నర ఆగాం. ఆ గంటన్నర వైద్యం మాత్రం ఆగలేదు, ఎమర్జెన్సీ బెడ్ మీదే ముక్కులోకి వేగంగా, వెచ్చగా, తేమగా గాలి పంపే హై ఫ్లో ఆక్సిజన్ పెట్టారు, నెబ్యులైజేషన్ ఎడం లేకుండా నడుస్తూనే ఉంది. శనివారం పొద్దున మూడు గంటల ఎడం, సాయంత్రానికి గంటన్నర, ఎమర్జెన్సీలో ఇరవై నిమిషాలు, ఇప్పుడు సున్నా. ఐసీయూలోకి వెళ్ళాక గొట్టాలు వదులు చేసే ఇంకో మందు, అమినోఫిల్లిన్ కూడా మొదలుపెట్టారు. దానితో గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది కాబట్టి మానిటర్ తప్పనిసరి అన్నారు. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి అన్నారు, అయ్యాయి కూడా.

పిల్లల ఐసీయూలో తల్లినో తండ్రినో పక్కనే ఉండనిచ్చారు. కుర్చీ ఒక్కటే. ఎవరైనా వెళ్ళాల్సి వస్తే ఒక పలచటి దుప్పటి, పొడుగు వైరున్న చార్జర్, వేసుకోవడానికి ఇంకో జత, పాపకి బాగా అలవాటైన బొమ్మ తీసుకెళ్ళండి. ఏసీ చలికి నేను వణికిపోయాను. ఇంట్లో వాడే స్పేసర్, ఇన్హేలర్లు, ప్లాన్ కాగితం అన్నీ ఒకే సంచిలో పెట్టి తీసుకెళ్ళడం చాలా ఉపయోగపడింది. ఏ మందు ఎంత మోతాదు, చివరి డోసు ఎప్పుడు, ఇంతకుముందు ఐసీయూకి వెళ్ళిందా, ఇవే ప్రశ్నలు అంబులెన్స్ వాళ్ళు, సిస్టర్, డ్యూటీ డాక్టర్, ఐసీయూ డాక్టర్ వరసగా అడిగారు. శనివారం ఇచ్చిన ప్రతి డోసు టైమూ నా ఫోన్‌లో రాసి ఉంది, అదే చూపించాను. అలా రాసుకున్న తల్లిదండ్రులు ఉంటే మా పని సగం తేలికవుతుంది అన్నారు సిస్టర్.

ఆదివారం తెల్లవారుజామున ఎప్పుడో మలుపు తిరిగింది. ఫలానా క్షణం అని చెప్పలేను. రెండో గ్యాస్ పరీక్షలో కార్బన్ డయాక్సైడ్ తగ్గింది. ఛాతీలో పిల్లికూతలు మళ్ళీ పెద్దగా వినిపించాయి, డాక్టర్లు సంతోషించారు, గాలి కదులుతోంది కాబట్టి. రాత్రి ఎక్కించిన స్టెరాయిడ్ పనిచేయడం మొదలైందన్నారు. ఎక్స్‌రే తీశారు. ఆస్తమా అటాక్ వచ్చిన ప్రతి పిల్లకీ ఎక్స్‌రే అక్కర్లేదట, మా పాపకి ఒక వైపు గాలి సరిగ్గా వెళ్ళడం లేదు కాబట్టి తీశారు. కఫం గడ్డకట్టి అడ్డుపడి ఒక చిన్న భాగం ముడుచుకుపోయింది, న్యుమోనియా లేదు, ఊపిరితిత్తి చుట్టూ గాలి లీక్ అవ్వలేదు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. అత్తయ్య ఫోన్‌లో పదే పదే అడిగారు, యాంటీబయాటిక్ లేకుండా ఎలా తగ్గుతుందని. వైరస్‌తో వచ్చిన అటాక్‌కి దానితో ఉపయోగం ఉండదని డాక్టర్ చెప్పిందే ఆవిడకీ చెప్పాను. సాయంత్రం ఆసుపత్రిలో రాసిచ్చిన సీసాలు రెండూ పక్కన పెట్టేశాం.

ఆదివారం మధ్యాహ్నం ఇంకో వింత. ఛాతీ చాలావరకు బాగుందంటున్నారు, ఆక్సిజన్ బాగుంది, కానీ పాప ఊపిరి మాత్రం మళ్ళీ వేగంగా తీస్తోంది. చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది, ఒకటే చిరాకు. నాకు గుండె జారిపోయింది, మళ్ళీ తిరగబెట్టిందని. రక్త పరీక్ష చేస్తే లాక్టేట్ (రక్తంలో పేరుకునే ఒక రకం ఆమ్లం) పెరిగింది, పొటాషియం తగ్గింది. రెండూ సాల్బుటమాల్ ఎక్కువైనప్పుడు వచ్చేవేనట. లాక్టేట్ పెరిగితే దాన్ని సరిచేయడానికి శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది, అది చూసి ఆస్తమా పెరిగిందనుకుని ఇంకా మందిస్తే ఇంకా పెరుగుతుంది. సెలైన్‌లో పొటాషియం కలిపారు, నెబ్యులైజేషన్ ఎడం పెంచారు. ఆగకుండా నడుస్తున్నది గంటకొకటి చేశారు. మందు తగ్గిస్తే పిల్ల తేరుకోవడం నేను కళ్ళారా చూశాను. సాయంత్రానికి ఊపిరి నిదానించింది.

అక్కడి నుంచి ఇంటికి రావడమంతా ఆ ఎడం పెంచుకుంటూ పోవడమే. అది మాకు ఎవరూ వివరించలేదు, రౌండ్స్‌లో వాళ్ళు మాట్లాడుకుంటుంటే పట్టుకున్నాను. గంటకొకటి ఇచ్చి బాగుంటే రెండు గంటలకి, అది నిలబడితే మూడు, ఆ తర్వాత నాలుగు. ఎడం పెంచాక పిల్ల కష్టపడితే మళ్ళీ వెనక్కి. మా పాప రెండు గంటల నుంచి మూడుకి వెళ్ళి, సోమవారం రాత్రి నిద్రలో ఆక్సిజన్ 91కి పడిపోయి, మళ్ళీ రెండుకి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. డ్యూటీ డాక్టర్ చాలా మామూలుగా అన్నారు, ఇది వెనకడుగు కాదమ్మా, ముడుచుకున్న భాగం ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, నిద్రలో ఊపిరి పలచగా తీస్తారు కాబట్టి ముందు అక్కడే తెలుస్తుంది. మంగళవారం వార్డుకి మార్చారు. ఈ దశలో నిజంగా విసుగొస్తుంది. పిల్ల బాగానే ఉన్నట్టుంటుంది, ఆడుకుంటుంది, ఇంటికి ఎప్పుడు అని అడుగుతుంది, మీరు మాత్రం గడియారం చూస్తూ కూర్చోవాలి. త్వరగా పంపేయమని ఒత్తిడి పెట్టకండి. శనివారం సాయంత్రం తొందరగా ఇంటికి పంపేస్తే ఏమైందో చూశాను కాబట్టి నేను ఒక్కసారి కూడా అడగలేదు.

వార్డులో నెబ్యులైజర్ తీసేసి స్పేసర్‌తో ఇన్హేలర్ ఇవ్వడం మొదలుపెట్టారు. పక్క బెడ్ వాళ్ళకి ఇది నచ్చలేదు, మెషిన్ అయితే గట్టిగా పనిచేస్తుంది కదా, తక్కువ మందు ఇస్తున్నారేమో అన్నారు. ఆక్సిజన్ అవసరం లేని పిల్లల్లో స్పేసర్‌తో సరిగ్గా ఇచ్చిన ఇన్హేలర్ నెబ్యులైజర్‌తో సమానంగా పనిచేస్తుంది, పైగా గుండెదడ తక్కువ అని సిస్టర్ ఓపిగ్గా చెప్పింది. ఆ సిస్టరే పాప చేత, నా చేత ఇన్హేలర్ వాడించి చూసింది. మాస్క్ వదిలేసి మౌత్‌పీస్‌తో పీల్చే వయసు వచ్చేసిందని, మౌత్‌పీస్‌తో మందు ఎక్కువ లోపలికి వెళ్తుందని చెప్పింది. స్పేసర్‌ని సబ్బు నీళ్ళలో కడిగి బట్టతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి, తుడిస్తే లోపల స్టాటిక్ పుట్టి మందు గోడలకి అంటుకుపోతుంది. ఇంకోటి, మందు అయిపోయినా ఇన్హేలర్ నొక్కితే బుస్సుమంటూనే ఉంటుంది, ఊపి చూస్తే బరువున్నట్టే ఉంటుంది. మీటర్ ఉన్న ఇన్హేలర్ అయితే ఎన్ని మిగిలాయో తెలుస్తుంది, లేకపోతే డోసులు రాసి పెట్టుకోవాల్సిందే. ఈ మాట విన్నాక ఇంట్లో ఉన్న పాతవన్నీ తీసి చూసుకున్నాం.

ఖర్చు గురించి. అంకెలు రాయడం లేదు, చోటుని బట్టి మారిపోతాయి. బిల్లులో పెద్ద భాగం మందులు కాదు. ఆ ప్రాణం నిలబెట్టిన మందులన్నీ చవకైనవే. ఐసీయూ బెడ్, హై ఫ్లో మెషిన్, దాని గొట్టాలు, పదే పదే చేసిన గ్యాస్ పరీక్షలు, ఇవే ఎక్కువ. బీమా ఉన్నవాళ్ళు అడ్మిట్ అయిన రాత్రే ఎవరో ఒకరిని కాగితాల పనికి పెట్టండి, మా ఆయన ఆ పని మీద కిందకీ పైకీ తిరుగుతూనే ఉన్నారు. వాడేసి పారేసే గొట్టాలు, మాస్కులు కొన్ని బీమాలోకి రాలేదు. ఇంటికొచ్చాక రెండో స్పేసర్, స్కూల్లో పెట్టడానికి ఇంకో రిలీవర్ కొన్నాం. నేను పెట్టిన సెలవుల్లో చివరివి జీతం లేనివి. ఇవన్నీ కలిపితే తేలిక కాదు. మరోవైపు అటాక్ రాకుండా రోజూ వాడే ప్రివెంటర్ ఇన్హేలర్ ఏడాది పొడుగునా వాడినా ఒక్క ఐసీయూ రోజు ఖర్చు కాదని మా ఆయన లెక్కేసి చూపించారు.

గురువారం డిశ్చార్జ్. నాలుగు గంటల ఎడం నిలబడాలి, ఆక్సిజన్ లేకుండా నిద్రలో కూడా 94 పైన ఉండాలి, ఇన్హేలర్ వాడటం సరిగ్గా వచ్చి ఉండాలి, ప్లాన్ కాగితం చేతిలో ఉండాలి, ఇవన్నీ చూసుకున్నాకే పంపారు. పొద్దున పదింటికి వెళ్ళొచ్చన్నారు, బిల్లు, మందులు అన్నీ అయ్యి బయటపడేసరికి సాయంత్రం. ఆ మధ్యలో ఒక డోసు టైం వచ్చింది, వార్డు వాళ్ళు మేం వెళ్ళిపోయామనుకున్నారు, మేమే గుర్తుచేసి ఇచ్చుకున్నాం.

ఇంటికొచ్చిన మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. మానిటర్ లేదు, అలారం లేదు, పాప ఊపిరి నేనే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రిలీవర్ మొదట్లో నాలుగు గంటలకొకసారి, తర్వాత నెమ్మదిగా తగ్గించుకుంటూ, ఆ పైన అవసరమైతేనే అని రాసిచ్చారు. స్టెరాయిడ్ వల్ల విపరీతమైన ఆకలి, చిన్న విషయానికి కోపం, ఉన్నట్టుండి ఏడుపు. ఇవి మందు ఆపిన కొద్ది రోజులకే తగ్గిపోయాయి. కొన్ని రోజుల స్టెరాయిడే కాబట్టి ఎముకల గురించి, ఎదుగుదల గురించి ఇప్పుడు భయపడొద్దన్నారు. కానీ మళ్ళీ మళ్ళీ అటాక్‌లు వచ్చి మళ్ళీ మళ్ళీ ఇవ్వాల్సి వస్తే అది వేరే లెక్క, అందుకే ప్రివెంటర్ మానకూడదన్నారు.

శనివారం మా పిల్లల డాక్టర్‌కి చూపించాం, డిశ్చార్జ్ అయిన రెండు రోజుల్లోపే చూపించమని కాగితంలో ఉంది. ప్రివెంటర్ మోతాదు పెంచారు. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మడం మర్చిపోవద్దన్నారు, లేకపోతే నోట్లో పూత వస్తుంది. ఒకసారి ఐసీయూ దాకా వెళ్ళిన పిల్లలకి మళ్ళీ అలాంటి అటాక్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ కాబట్టి, ఇకపై ఎక్కడికి వెళ్ళినా మొదటి మాటగా "ఈ పిల్ల ఇంతకుముందు ఐసీయూలో ఉండి వచ్చింది" అని చెప్పమన్నారు. ప్లాన్‌లో ఎర్ర గడి మార్చి రాశారు: రిలీవర్ రెండు గంటలు నిలబడకపోతే చిన్న ఆసుపత్రులు చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి, అక్కడ గంటకి ముందే ఇంటికి పంపుతామంటే ఉంటామని అడగండి, స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వడం లేదో అడగండి అని. ఈ మాటలు డాక్టర్ చేతిరాతలో ఉండటం నాకు చాలా ధైర్యం. అటాక్ వచ్చిన శనివారం నేను అడిగిన మాటలే అవి, కానీ అప్పుడు నా చేతిలో ఈ కాగితం లేదు.

పాప సోమవారం స్కూలుకి వెళ్ళింది. క్లాస్ టీచర్‌కి ప్లాన్ కాపీ ఇచ్చి, స్పేసర్ ఎలా పట్టుకోవాలో చూపించి, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగితే వెంటనే ఫోన్ చేయమని చెప్పి వచ్చాను. దగ్గు ఇంకా కొంచెం ఉంది, పొద్దున పూట ఎక్కువ. ఊపిరి ఎంత వేగంగా వదలగలదో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఊదడం నేర్చుకుంటోంది, పొద్దున, రాత్రి వచ్చిన అంకెలు తనే పుస్తకంలో రాస్తోంది. వచ్చే నెల ఆస్తమా స్పెషలిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది, ఆ పుస్తకం తీసుకురమ్మన్నారు.